వణుకు పుట్టే చోటు

బండి కింద వెల్లకిలా పడుకుని డిఫరెన్షియల్ బోల్టు వదులు చేయగానే నల్లగా, చిక్కగా కారే పాత గేరు ఆయిలుకి ఒక వాసన ఉంటుంది. కుళ్ళిన ఉల్లిగడ్డనూ కాలిన వెంట్రుకలనూ కలిపి నూరినట్టుండే ఆ వాసన, సౌదీలోని ఈ రాబిగ్‌లో, ఎర్రసముద్రం ఉప్పుగాలి తగిలి ఇంకాస్త బరువెక్కి, నా ఒంటిని విడవకుండా ఉంటుంది. సబ్బుతో పోదు, నిమ్మచెక్కతో పోదు, శుక్రవారం సెలవునాడు అన్నంలో పప్పు కలుపుకుంటే దాని అడుగున కూడా అదే తగులుతుంది. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకేమో ఆ వాసన రాగానే ఎండాకాలం అడవీ, ఆరబోసిన తునికాకూ, మా బాపు ఖాకీ చొక్కా భుజం గుర్తుకొస్తాయి.

ఊరవతల మరమ్మతు షెడ్లన్నీ వరసగా ఉండే ఈ సనాయియాలో నా అరచేతి గురించి తెలియనివాడు లేడు. వణికే బండి మీద నేను చెయ్యి వేస్తే చాలు, ఆ వణుకు ఇంజనులో పుడుతోందా, షాఫ్టులో పుడుతోందా, చక్రంలో పుడుతోందా చెప్పేస్తాను. నా కోసం రియాద్ నుంచి కూడా బండ్లు వచ్చేవి. రియాద్ అన్నది కొంచెం ఎక్కువైంది. జిద్దా నుంచి ఒకాయన వచ్చాడు, అదీ దారిలో బండి మొరాయించి, వేరే దిక్కులేక. కానీ చెయ్యి మాట మాత్రం నిజం. నిజంగా ఉండేది, అనాలి. షుగరు ముదిరి ఏడాదిగా నా అరచేతులూ అరికాళ్ళూ మొద్దుబారాయి. చొక్కా గుండీ చూసుకుంటే తప్ప పెట్టుకోలేను. జేబులో చెయ్యి పెడితే తాళం చెవి తగిలిందో చిల్లర తగిలిందో తెలియదు.

ఈ సంగతి నా కఫీలుకు తెలియదు. షెడ్డు ఆయనది, నేను ఈ దేశంలో ఉండాలంటే కావలసిన ఇకామా కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ముసలివాణ్ణి ఇంకెంతకాలం ఉంచుకోవాలి, ఖురూజ్ వీసా కొట్టించి ఇంటికి పంపేద్దామా అని ఆయన కొన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచనలో ఉండగానే ఆయన తమ్ముడు హరాజ్‌లో, అంటే పాత బండ్లు వేలం వేసేచోట, ఒక తెల్ల ఫోర్‌వీల్ పికప్పు కొన్నాడు. ఎడారిలో ఉన్న మేకల దొడ్డికి నీళ్ళూ గడ్డీ మోయడానికట. చూడటానికి పెళ్ళికొడుకులా ఉంది. కదిలించామో, చలిజ్వరం పట్టినవాడిలా వణుకుతుంది. కఫీలు దాన్ని నా ముందు ఆపించి తేల్చి చెప్పాడు: దీని వణుకు పోగొడితే ఇకామా కొత్తది చేయిస్తాడు, పోగొట్టలేకపోతే నేను ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చు.

ఆ బండి నడిపేది ఖాజా. కడప మనిషి, నా కొడుకు వయసువాడు, ఏ బంధుత్వమూ లేకుండానే నన్ను మామా అంటాడు.

"మూడు షెడ్లు తిప్పినా మామా. ఒకడు టైర్లంటాడు, ఒకడు ఇంజను కింద రబ్బర్లంటాడు, ఇంగొకడు అమ్మేసి పుణ్యం కట్టుకోమంటాడు. నువ్వు చెయ్యి పెట్టి సూడు. అది సెప్తాది."

పెట్టాను. చెయ్యి కింద ఇనుము ఉందని కళ్ళు చెప్పాయి. చెయ్యి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఈ విద్య నాకు ఏ ఉస్తాదూ నేర్పలేదు. జగిత్యాల అవతల, అడవి అంచున మా ఊరు. మా బాపు తునికాకు కంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాడు. మిలిటరీవాళ్ళు వాడి వాడి వదిలేసిన ఫోర్‌వీల్ జీపు అది. పైన గుడ్డ చినిగి ఆకాశం కనిపించేది, తలుపుల స్థానంలో కొబ్బరితాడు ఉండేది, హారను పనిచేయక బాపే నోటితో అరిచేవాడు. మోదుగుపూలు రాలిపోయి, ఇప్పపూలు తెల్లారేసరికి చెట్ల కింద లేత పసుపు చాపలా పరుచుకుని, వాటి మత్తు వాసనకు ఎలుగుబంట్లు తూలుతున్నాయని పెద్దవాళ్ళు మమ్మల్ని భయపెట్టే రోజుల్లో ఆకు పని మొదలయ్యేది. కూలీలు పొద్దున్నే అడవిలోకి పోయి ఆకు తెంపి, మధ్యాహ్నానికి కట్టలు కట్టి కల్లానికి తెచ్చేవాళ్ళు. ఆ కట్టలు ఎండలో బారులు తీరి పచ్చదనం పోయి ఎర్రబడుతుంటే వచ్చే వాసన, కొత్త తోలు చెప్పుకీ మరిగిన చాయకీ మధ్యలో ఎక్కడో ఉండేది.

బడికి సెలవులు గనుక నేను రోజూ జీపులోనే. ముందు సీట్లు రెండింటి మధ్య గేరు మీద రేకు ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, దాని మీద గోనెసంచి మడిచి వేసి బాపు నన్ను కూర్చోబెట్టేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, కట్టిచ్చిన సద్దిలో జొన్నగట్క, పచ్చి మామిడికాయ తొక్కు ఉండేవి. కూలీ అమ్మలు మోదుగాకు దొప్పల్లో తునికిపండ్లూ మొర్రిపండ్లూ పోసి నా ఒళ్ళో పెట్టేవాళ్ళు. మొర్రిగింజలు నోట్లో చప్పరిస్తూ, రేకు సెగకు పిర్రలు కాలుతూ, రాజుకొడుకులా ఊరేగేవాణ్ణి. ఎర్రమట్టి దుమ్ము మా ఇద్దరి కనుబొమల మీద ఒకే మందాన పేరుకునేది. అద్దంలో చూసుకుని నేను కూడా బాపంత అయ్యాననుకునేవాణ్ణి.

బాటలో ఎక్కడో జీపు గుణం మారేది. నాకు ఏ తేడా కనిపించేది కాదు. బాపు మాత్రం మాట ఆపేసి, నా చెయ్యి తీసుకుని రేకు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి పెట్టేవాడు. ఆయన అరచెయ్యి ఎండిన చింతబెరడులా ఉండేది.

"కండ్లు మూస్కో బిడ్డా. ఇప్పుడు చెప్పు. తొక్కితె వస్తాందా, ఇడిస్తె వస్తాందా?"

యాక్సిలేటరు తొక్కినప్పుడే వచ్చి, వదిలితే ఆగిపోయే వణుకు ఒక రకం. తొక్కినా వదిలినా ఉండి, వేగంతో పాటు పెరిగేది ఇంకో రకం. స్టీరింగులో తెలిసేది ముందు చక్రాలది, పిర్రల కింద తెలిసేది వెనక షాఫ్టుది, బండి నిలబడి ఉన్నా రేకును వణికించేది ఇంజనుది. ఇదంతా బాపు పాఠంలా చెప్పలేదు. అడుగుతూ పోయేవాడు, నేను నోటికొచ్చింది చెప్పేవాణ్ణి, తప్పయితే "ఇంకోపాలి" అనేవాడు. ఆయన నన్ను కొట్టడం నాకు గుర్తులేదు. గట్టిగా ఏమైనా అన్నాడంటే ఆ ఒక్క మాటే.

దాంతో మా ఊరి పిల్లల్లో ఒక ఆట పుట్టింది, నా వల్లే పుట్టింది. ఇంకే ఊళ్ళోనూ ఆ ఆట ఉన్నట్టు వినలేదు. కల్లం పక్కన ఖాళీ జాగాలో అందరం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని జీపులా బారుగా నిలబడేవాళ్ళం. అందరికంటే వెనక ఉన్నవాడు డ్రైవరు, వాడు కళ్ళు మూసుకోవాలి. బారులో ఎవడో ఒకడు చప్పుడు లేకుండా ఒళ్ళు వణికించాలి. ఆ వణుకు భుజం నుంచి భుజానికి పాకి డ్రైవరు చేతికి చేరితే, ఎక్కడ పుట్టిందో వాడు చెప్పాలి. నేను ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఒళ్ళు వణికించేవాడు ఎప్పుడూ లచ్చన్నే, వాడు వణికించే ముందు కిసుక్కున నవ్వేవాడు, అందుకని ఓడిపోలేదు.

మా అవ్వ బీడీలు చుట్టేది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ చుట్టేవాళ్ళే. అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని, నానిన ఆకును కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి, మునివేళ్ళతో ఒక్క తిప్పు తిప్పి దారం కట్టేది. ఆమె చూపు వీధిలోనే ఉండేది, వేళ్ళు వాటంతట అవే పనిచేసుకునేవి. ఏళ్ళ తరబడి ఆ తిప్పుడుకు ఆమె వేలికొసలు అరిగి గాజులా నున్నగా అయిపోయాయి. పెనం మీద కాలుతున్న రొట్టెను వట్టి వేళ్ళతో తీసేది. పీర్ల పండుగనాడు మలీద చేయడానికి ఆ వేడి రొట్టెలనే సల్లారనీయకుండా చిదిమి, బెల్లం వేసి, సోంపు వేసి, పిడికిళ్ళతో పిసికేది. ఆ మలీద ఆకు దొప్పలో పెట్టుకుని పీరు ముందు నిలబడి, అగ్గిగుండం చుట్టూ ఆడేవాళ్ళను చూస్తూ, మా అవ్వ చేతులకు అగ్గి అంటదని నేను తోటి పిల్లల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. గుండం తొక్కేవాళ్ళ కంటే మా అవ్వే గొప్పదని వాదించేవాణ్ణి. నవ్వుకునేది ఆమె. వేళ్ళు మాత్రం కొంగులో దాచుకునేది. ఎందుకు దాచుకునేదో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఒక ఎండాకాలం చివర్లో, కల్లం నిండా ఆకు ఎండి బస్తాలకెత్తడానికి సిద్ధంగా ఉంది. పడమట మబ్బు లేచింది. ఆ ఆకు మీద వాన పడితే మచ్చలు పడి బీడీకి పనికిరాదు, ఆలోపే గోదాముకు చేరవేయాలి. సరిగ్గా అప్పుడు జీపు, వెనక బండి తగిలించి లాగబోతే, పళ్ళు టకటక కొట్టుకునేంతగా వణికింది. కంట్రాక్టరు గుమాస్తా చేతులు తిప్పుతూ వచ్చాడు.

"పొద్దుగూకెలోపు బండి కదల్లేదనుకో, రేపటి సంది వేరే డ్రైవరు. శేటు గదే చెప్పిండు."

బాపు నన్ను రేకు మీద కూర్చోబెట్టి, చెయ్యి పెట్టించి, కల్లం చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను. వణుకు తొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది, పిర్రల కింద పుడుతోంది. "ఎనక షాఫ్టే బాపూ" అన్నాను. బాపు కిందికి దూరి చూస్తే, షాఫ్టును గేరుపెట్టెకు కలిపేచోట ఉండే క్రాసులో గ్రీజు ఎండిపోయి, లోపల సూదుల్లాంటి బేరింగులు పొడి అయి ఉన్నాయి. పాత సామాన్లలో ఇంకోటి వెతికి వేశాడు. వాన పడేలోపు ఆకు గోదాముకు చేరింది. ఆ ఏడాది ఊరంతా నన్ను చిన్న మేస్త్రీ అన్నది.

ఈ కథ నేను ఇక్కడ క్యాంపుల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మీకైనా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ రోజు నేను రేకు మీద కూర్చున్న మాట నిజం, కళ్ళు మూసుకున్న మాటా నిజం. పొద్దుటి నుంచి ఎండలో ఆడి ఉన్నాను, మూసుకోగానే నిద్రపట్టింది. లేచేసరికి బాపు బండి కింద ఉన్నాడు. కనిపెట్టింది ఆయనే. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ గుమాస్తాతో, "పోరడు చెప్పిండు, ఎనక షాఫ్టేనని" అన్నాడు. ఎందుకన్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. ఆ మాట నిజం చేయాలని ఆ తర్వాత నిద్రపోకుండా నేర్చుకున్నాను. అడగాలనుకున్న రోజుల్లో నేను ఇక్కడ ఎవరి బండి కిందో ఉన్నాను, ఆయన అక్కడ పోయాడు. తర్వాత ప్రాజెక్టు కట్ట లేచి మా ఊరిని నీళ్ళు ముంచాయి. కల్లమూ అరుగూ పీర్లకొట్టమూ అన్నీ ఆ నీళ్ళ అడుగున ఉన్నాయి. గుట్ట మీద ఇచ్చిన కాలనీలో మా ఇంటి నంబరు నాకు ఇప్పటికీ నోటికి రాదు. ఖురూజ్ అంటే ఇంటికి పోవడమని కఫీలు అనుకుంటాడు. ఆయన తప్పు కాదు.

అందుకే ఈ తెల్ల పికప్పు వణుకు పోవాలని నేను అంతగా కోరుకున్నాను. చెయ్యి చెప్పదు గనుక కళ్ళనూ ముక్కునూ నమ్ముకున్నాను. బండి కిందికి దూరి ఆయిలు దించి వాసన చూశాను, షాఫ్టు పట్టుకుని ఊపి చూశాను. వెనక క్రాసు కళ్ళకు కనిపించేంత వదులుగా ఆడుతోంది. ఇంకేం, దొరికిపోయిందనుకున్నాను. కొత్తది తెప్పించి బిగిస్తుంటే ఎక్కడో మాంసం కాలిన వాసన వచ్చింది. పక్క షెడ్డులో బంగ్లాదేశీలు కబాబు కాలుస్తున్నారనుకున్నాను. చూస్తే నా ఎడమచెయ్యే, అప్పుడే ఆపిన బండి సైలెన్సరు మీద ఆనుకుని ఉంది. పాత గుడ్డ చుట్టుకుని, గ్రీజు అంటిందని అందరికీ చెప్పాను.

సాయంత్రం ఖాజా నడుపుతుంటే పక్కన కూర్చుని రోడ్డెక్కాం. ఎడమవైపు దూరంగా రిఫైనరీ మంట గాలికి పక్కకు వాలి మండుతోంది, కుడివైపు ఉప్పునేల తెల్లగా మెరుస్తోంది. బండి తోసుకుపోతోంది. నాకు ఒంట్లో ఎక్కడా వణుకు తెలియలేదు.

"ఏమంటవ్ ఖాజా, పోయింది గద?"

ఖాజా నా చేతి గుడ్డ వైపు ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. "పొయ్యింది మామా. నీ చెయ్యి చెయ్యే."

అప్పుడే కఫీలు ఫోను చేశాడు. ఖాజా స్పీకరు పెట్టి, తనకు వచ్చిన అరబ్బీలో, "ఖలాస్ ముదీర్, కుల్లు తమామ్" అన్నాడు. అంతా అయిపోయింది సారూ, అంతా బాగుంది అని. అవతల నుంచి కఫీలు నన్ను మెచ్చుకుంటున్నాడు. నేను ఆ మెప్పు వింటూ కాళ్ళు చాపుకుని, గ్లాసులు పెట్టుకునే గుంటలో ఖాజా మూత తీసి ఉంచిన నీళ్ళ సీసా వైపు చూశాను. సీసాలో నీళ్ళు సన్నటి వలయాలుగా అదురుతున్నాయి. ఖాజా తొక్కినప్పుడు వలయాలు దట్టంగా పుడుతున్నాయి, వదిలినప్పుడు పలచబడుతున్నాయి.

ఇంకాసేపు చూశాను. నా బతుకంతా చిన్నదాన్ని పెద్ద చేసి చెప్పినవాణ్ణి, ఇప్పుడు చిన్న అబద్ధానికి తలూపితే నాకు ఇకామా వస్తుంది. కానీ వణుకు మిగిలి ఉందంటే ఏదో ఒకటి తెగడానికి సిద్ధంగా ఉందని అర్థం. అది తెగేనాటికి ఈ సీట్లో ఒంటరిగా, నీళ్ళ ట్యాంకుతో, ఎడారి బాటలో ఉండేది వీడు.

ఫోను అందుకుని కఫీలుకు చెప్పాను. పోలేదు ముదీర్, ఖాజా నా మీద జాలితో అన్నాడు, నా చేతులకు ఇప్పుడు ఏమీ తెలియడం లేదు అని. ఆయన "తయ్యిబ్" అని పెట్టేశాడు. ఆ ఒక్క మాటకు సరే అనీ అర్థమే, ఇక చాలు అనీ అర్థమే.

ఖాజా బండి పక్కకు తీసి ఆపాడు.

"ఏం మనిషివి మామా నువ్వు. నోరు మూసుకోని కూసుంటే ఏం పోతాండ్య నీది?"

"నాది ఏం పోదురా. నీదే పోతది. ఇగో, మళ్ళ నడుపు. నీ ఒంట్లె ఏడ తెలుస్తాంది చెప్పు. పిర్రల కిందనా?"

"లేదు. పాదాల కింద. మొదుట్నుంచీ ఆడనే వస్తాండాది. నువ్వు అడగల్యా, నేను సెప్పల్యా."

పాదాల కింద అంటే ముందు షాఫ్టు. ఇక్కడివాళ్ళు ఫోర్‌వీల్‌ని డబుల్ అంటారు. ఇసుకలో దిగబడితేనే డబుల్ వేస్తారు, మిగతా రోజుల్లో ముందు షాఫ్టు నిద్రపోతుందనుకుని దాని క్రాసులకు ఎవరూ గ్రీజు పెట్టరు. ఈ రకం బండిలో డబుల్ వేసినా వేయకపోయినా అది ముందు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. ఎన్నేళ్ళుగా ఎండిపోయి తిరిగిందో, విప్పి చూస్తే లోపల బేరింగులు ఎర్రటి పొడి. ఆ పొడి ఖాజా అరచేతిలో పోశాను. ఈ పనిలో నేను చెబుతూ ఉన్నాను, బిగించింది వాడు.

వణుకు పోయినా, చేతులు పనిచేయనివాణ్ణి ఇంటికే పంపాలని కఫీలు తేల్చాడు. చెడ్డవాడు కాదు, టిక్కెట్టు తనే కొన్నాడు, చేతులకు మంచి డాక్టరును చూపించుకోమన్నాడు. కాగితాలు వచ్చేదాకా పనేమీ లేదు గనుక రోజూ షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటున్నాను. ఇప్పటి బండ్లకు వైరు తగిలిస్తే ఏ రోగమో తెరమీద రాసి వస్తుంది, చెయ్యి పెట్టి చూసే మనిషి వాటికి అక్కర్లేదు. తునికాకు తెంపే కూలీలూ ఇప్పుడు అంతమంది లేరట, మా ఊరి పిల్లలు భుజాలు పట్టుకుని నిలబడే జాగా మీద పడవలు తిరుగుతున్నాయట. లచ్చన్న ఎక్కడున్నాడో చెప్పేవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు.

నిన్న ఖాజా దొడ్డికి నీళ్ళు తీసుకుపోతూ, రా మామా అని నన్నూ ఎక్కించుకున్నాడు. బాగయ్యాక ఆ బండి ఎక్కడం అదే మొదటిసారి. తారు రోడ్డు దాటి గట్టి ఇసుక బాట మీద పోతున్నాం. వణికిన రోజుకూ నిన్నటికీ నాకు ఏ తేడా తెలియలేదు. రెండు రోజులూ ఒకటే బండి, ఒకటే సీటు, కింద ఏమీ లేనట్టు.

"పోయిందా?" అని అడిగాను.

"పొయ్యింది మామా."

నమ్మాను. నమ్మడం తప్ప నా దగ్గర ఇంకో పనిముట్టు మిగల్లేదు.